శనివారం పోయే బూట్లు

మా చిత్తూరులో యాభై దాటిన మనిషి రోడ్డు మీద పరిగెత్తుతున్నాడంటే రెండే కారణాలు. బస్సు తప్పిపోతోంది, లేదా ఇంట్లో ఎవరికో ఏదో అయింది. మూడో కారణం ఉంటుందంటే మా వీధి నమ్మదు. అందుకే గుండె ఆపరేషన్ అయిన నేను పొద్దున్నే నిక్కరేసుకుని పరిగెత్తడం మొదలుపెట్టిన కొత్తల్లో రోజుకొకరు స్కూటర్ ఆపేవాళ్లు.

"ఏమప్పా, ఎవురికి ఏమైంది?"

"ఎవురికీ ఏం కాలేదు. ఊరికే పరిగెత్తతా ఉండా."

"ఊరికే యాడన్నా పరిగెత్తతారా? ఎక్కు, ఇంటికాడ దింపతా."

ఒకాయనైతే, నేను ఎక్కనన్నానని, నాకు మతి చలించిందనుకుని ఇంటిదాకా వెనకే వచ్చి నన్ను నా భార్యకు అప్పగించి పోయాడు. పోయేముందు ఆమె ఆయనకు కాఫీ ఇచ్చి, "మీరన్నా చెప్పండన్నా ఈయనకి" అంది. ఆ రోజు నాకు మాత్రం కాఫీ లేదు.

ఇప్పటికి మూడు మారథాన్లు పరిగెత్తాను. ఒక్కొక్కటి నలభై రెండు కిలోమీటర్లు. ఇది మొదటిదాని సంగతి.

మాది బెల్లం మండీ. రైతు తెచ్చిన సరుకులోంచి చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుంటే గాని రేటు చెప్పలేం. పాకం ముదిరిందా, నేల ఉప్పు తగిలిందా అన్నది నాలుకే చెప్పాలి. ముప్పై ఏళ్లు అలా గిల్లాను. రొమ్ములో నొప్పొచ్చి తిరుపతిలో పెద్దాసుపత్రికి పోయినప్పుడు డాక్టరు, "తీపి తింటారా?" అని అడిగాడు. "లేదు సార్, పెళ్లిళ్లలో కూడా ముట్టను" అన్నాను. అబద్ధం కాదు. సరుకు చూడటం తినడం కిందికి వస్తుందని నాకు తోచలేదు. మా మండీల వీధిలో ఎవరికీ తోచదు. నా భార్యే పక్కనుంచి, "దినానికి అరకేజీ గిల్లతాడు సార్" అని చెప్పేసింది.

మూడు చోట్ల అడ్డం పడిందన్నారు. రొమ్ము తెరిచి, ఎడమ కాలిలోంచి నరం తీసి గుండెకు కుట్టారు. కాలి సొత్తు తెచ్చి గుండెలో పెడితే అది కుదురుగా కూర్చుంటుందా? నా పరుగుకు అసలు కారణం ఆ డాక్టరేనని ఇప్పటికీ అంటాను.

ఇంటికొచ్చాక చూడటానికి వచ్చినవాళ్లు తలా ఒక బ్రెడ్డు పొట్లం, తలా ఒక చావు కబురు తెచ్చారు. "మా పెదమామకు కూడా ఇదే ఆపరేషను. బ్రహ్మాండంగా అయింది. బాగా నడిచినాడు కూడా. మూడో నెలలో..." అనేలోపు నా భార్య వంటింట్లోంచి గిన్నె చప్పుడు చేసేది. నేను మధ్యాహ్నం కునుకు తీస్తే మాత్రం తనే వచ్చి ముక్కు కింద వేలు పెట్టి చూసేది. ఊపిరి ఆడుతోందని తెలిశాక, "నిద్ర పోతా ఉండావా?" అని లేపేది.

డాక్టరు నడవమన్నాడు. ఒక ఏడాది నడిచాను. ఒకరోజు రైలు గేటు దగ్గర కుక్క వెంటబడింది. ఆపరేషన్ సంగతి కుక్కకు తెలియదు, ఆ క్షణంలో నాకూ గుర్తులేదు. వీధి చివరిదాకా పరిగెత్తి, అరుగెక్కి, చావు కోసం కాసేపు ఎదురుచూశాను. రాలేదు. పైగా ఒళ్లంతా హాయిగా ఉంది. మర్నాడు అదే దారిలో పోయాను. కుక్క లేదు. అయినా పరిగెత్తాను.

డాక్టరు నన్ను మిషను మీద పరిగెత్తించి, వైర్లు తగిలించి చూసి, నెమ్మదిగా పెంచుకోమన్నాడు. శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసే మా అమ్మాయి పరుగు బూట్లు కొని తెచ్చింది. అవి వేసుకుంటే మేఘాల మీద ఉన్నట్టుండేది. నా భార్య వాటిని చూసి, "రంగు బాగుండాది" అని మాత్రం అంది.

ఆ తర్వాత శనివారం ఆమె కొత్త పద్ధతి పెట్టింది. "పరుగు అయినాక అట్నే గుడికి వచ్చెయ్యి. నేను ఆడుంటా." పోయాను. "బూట్లు నేను జాగర్తగా పెడతా, నువ్వు కాళ్లు కడుక్కో పో" అంది. దర్శనం చేసుకుని బయటికొస్తే బూట్లు లేవు. పూజారి సంతోషపడ్డాడు. గుళ్లో చెప్పులు పోతే శని పోయినట్టే కదా. పక్కనున్నవాళ్లు కూడా, "పీడ పోయింది పో అప్పా" అని భుజం తట్టారు. వట్టి కాళ్లతో ఇంటికి నడిచాను.

రెండో జత నెలన్నరకు పోయింది. మూడో జత ఇంకో నెలకు. అన్నీ శనివారాలే. "నీకు ఎంత శని పట్టిందో సూడు, ఎన్ని బూట్లు పోయినా తరగడంలా" అని నా భార్య దిగులుగా అనేది. నేను దొంగ కోసం గుడి చుట్టూ తిరిగాను. పక్క మండీ ఆయన కొత్త బూట్లేసుకుంటే వంగి మడమ చూశాను. ఇప్పటికీ ఆయన నాతో సరిగ్గా మాట్లాడడు.

నాలుగో జత పోయిన రోజు గుడి ముందు పూలమ్మే ఆమె నన్ను చూసి జాలిపడింది. "అన్నా, ఇంగ ఎతకబాకు. అక్కే వాటిని ఆ గోడ కాడ పెట్టి, ఎవురికన్నా సరిపోతే తీసుకోండి అంటాది. పోయినసారి మా ఆయనకి సరిపోయినాయి."

ఇన్నాళ్లూ దొంగ చేతికే తాళాలిచ్చానన్నమాట. నేను పేరిచ్చిన తిరుపతి మారథాన్‌కు ఇంక ఎనిమిది రోజులే ఉంది. ఇంటికి పోయేసరికి ఆమె దోసె పోస్తోంది.

"బూట్లు పారేసింది నువ్వేనా?"

"నేనే." అట్లకాడ ఆపలేదు.

"శని పోవాలనా? నేను పరిగెత్తకూడదనా?"

అప్పుడు పొయ్యి తగ్గించి నా వైపు తిరిగింది.

"ఆపరేషన్ దినం నిన్ను లోపలికి తీసకపోయినాక నర్సమ్మ ఒక కవర్ తెచ్చి నా చేతికిచ్చింది. దాంట్లో నీ సొక్కా, గడియారం, చెప్పులు. ఆరు గంటలు. సొక్కా మడిచి పెట్టుకున్నా. గడియారం నా చేతికే కట్టుకున్నా. చెప్పుల్ని ఏం చేసేదయ్యా? మనిషి లేకుండా చెప్పులు ఒళ్లో పెట్టుకోని కూర్చున్నా. నువ్వు యాడో రోడ్డు మీద పడితే ఆ బూట్లు తెచ్చి మళ్లా నాకే కదా ఇస్తారు? నాకొద్దు."

దోసె మాడిపోయింది. నాకు సిగ్గేసింది. అది నా ఆపరేషను, నా గుండె, నా కష్టం అని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆ ఆరు గంటలూ నేను హాయిగా నిద్రపోయాను. మేలుకుని ఉన్నది ఆమె. ఆ కవర్ కూడా ఆమె పారేయలేదు. మా ఇంట్లో కవర్లు పారేసే ఆచారం లేదు, అన్నీ పరుపు కిందికి చేరతాయి. అది కూడా అక్కడే ఉందని అప్పుడు తెలిసింది.

"సరే, పరిగెత్తనులే" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ మాట ఇచ్చిన మనిషి ముఖం ఎలా పెట్టుకోవాలో నాకు తెలియలేదు. మూడు రోజులు ఉప్పు తగిలిన బెల్లంలా ఇంట్లో కూర్చున్నాను. నాలుగో రోజు ఆమె, "లే, చీర మార్చుకోని వస్తా" అని నన్ను తిరుపతి బస్సెక్కించి డాక్టరు ముందు కూర్చోబెట్టింది.

"ఒక మాట చెప్పండి సార్. ఈయన పరిగెత్తితే పోతాడా?"

డాక్టరు కాగితాలన్నీ మళ్లీ చూశాడు, మళ్లీ మిషను ఎక్కించాడు. "గుండె బాగుందమ్మా. తొందరపడకుండా, ఆయాసం వస్తే ఆగిపోతూ వెళ్లమనండి. బెల్లం మాత్రం మీరే దాచండి."

బస్టాండుకు పోయే దారిలో ఆమె చెప్పుల షాపు ముందు ఆగి, "నీ సైజు నాకు తెలుసు, లోపలికి రాబాకు" అంది. తెలియకేం, నాలుగు జతలు పంచిపెట్టిన మనిషి.

ఆదివారం తెల్లారేసరికి తిరుపతిలో మైదానం నిండా కుర్రాళ్లు. నా వయసు వాళ్లు పదిమంది ఉంటే గొప్ప. బూట్లు వేసుకుంటుంటే ఆమె చెయ్యి చాపింది. "చెప్పులు ఇట్లియ్యి." చంకలోంచి కవర్ తీసి అందులో వేసుకుంది. ఆసుపత్రి పేరు చెరిగిపోయింది గాని, కవర్ నేను గుర్తుపట్టాను. వంగి బూట్ల తాడు ఇంకోసారి బిగించుకున్నాను.

పరుగు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అందరూ నన్ను దాటిపోయారు. అలిపిరి దగ్గర అలవాటు కొద్దీ దండం పెడుతూ బూట్ల తాడు విప్పబోయాను. ఈ జత కూడా పోతే ఈసారి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరని గుర్తొచ్చి, బూట్లతోనే రోడ్డు మీదినుంచే దండం పెట్టి సాగిపోయాను. స్వామికి అన్నీ తెలుసు. ముప్పయ్యో కిలోమీటరు తర్వాత నడిచాను, పరిగెత్తాను, మళ్లీ నడిచాను. అరటిపండు ఇచ్చిన పిల్ల, "తాతా, ఆటో పిలిచేదా?" అంది. ఇంత దూరం వచ్చినా మా వైపు మనుషులు మారలేదు.

మైదానం చేరేసరికి పరుగు మొదలై ఆరు గంటలు దాటింది. గెలిచినవాళ్లు ఇళ్లకు పోయి టిఫిన్ కూడా చేసుంటారు. స్వాగతం తోరణాన్ని ఇద్దరు విప్పుతుంటే నా భార్య వాళ్లతో గొడవపడుతోంది. "మా ఆయన వస్తా ఉండాడు, కొంచేపు గమ్మునుండండి." వాళ్లు నన్ను చూసి, విప్పిన పక్కను చేతుల్తో ఎత్తి పట్టుకున్నారు. దాని కిందినుంచి వచ్చాను.

ఆమె కవర్‌లోంచి చెప్పులు తీసి నా ముందు నేల మీద పెట్టింది. "ఇంద. నీ చెప్పులు నువ్వే తొడుక్కో. నా చేతులు పడిపోయినాయి."

పాదాలు వాచి చెప్పుల్లో దూరలేదు. మడమలు బయటపెట్టి, సగం తొడుక్కుని నిలబడ్డాను. ఆమె చూసి నవ్వింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. తర్వాత ఖాళీ కవర్‌ను నాలుగు మడతలు పెట్టి, పక్కనే ఉన్న చెత్తడబ్బాలో పడేసింది. మా ఇంటి మనిషి ఒక కవర్ పారేయడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.