కొసరుగా వచ్చిన సింహం తోక

కోరుట్ల బజారు మొత్తంలో బేరమాడి బేరమాడి చివరికి పోలీసులను కొసరుగా ఇంటికి తెచ్చుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే అని ఇప్పటికీ రొమ్ము విరిచి చెప్పుకుంటాను. ఈ గొప్ప మళ్లీ యాదికి రావడానికి కారణం మొన్న జగిత్యాలలో ఒక అద్దాల తలుపుల దుకాణం. జీలకర్ర, మెంతులు, సోంపు అన్నీ మూతి అంటించిన పొట్లాలలో తీసుకుని, డబ్బు కట్టేచోట నిలబడి, అలవాటు చొప్పున "కొసరేమన్న ఎయ్యి బిడ్డా" అన్నాను. ఆ పిల్ల నన్ను చూసి, ముందున్న మిషనును చూసి, "కొసరంటే ఏ కంపెనీ అంకుల్?" అని అడిగింది. వెనకాల నిలబడ్డవాళ్లతో పాటు నేనూ నవ్వాను గాని, బయటికొచ్చి బస్సు కోసం చూస్తున్నప్పుడు సంచిలోంచి బిల్లు తీసి, అన్నీ అందులో ఉన్నాయో లేవో రెండుసార్లు చూసుకున్నాను. ఆ మాటకు నా దగ్గర అంత పాత భయం ఉంది.

మన ఈడువాళ్లకు కొసరంటే చెప్పనక్కర్లేదు. తూకం అయిపోయి, తరాజు ముల్లు నిలబడ్డాక, దుకాణదారు తన చేత్తో మళ్లీ ఒక చిటికెడు తీసి పొట్లంలో వేస్తాడే, అది. తూకం సరుకుకు, కొసరు మనిషికి అనేవాడు మా బాపు. ఆయన కిరాణం కొట్టులో గల్లాపెట్టె పట్టుకుని నడక నేర్చినవాణ్ణి కాబట్టి, మొదటి మాట ఎదుటివాడు చెప్పిన ధరలో సగం, రెండో మాట కొసరు, ఇవి రెండూ నాకు అమ్మ అనే మాటతో పాటే వచ్చాయి.

బాపు పోయి కొట్టు నా చేతికొచ్చిన కొత్తలో, మా ఎదురు వరుసలో యునాని మూలికలు అమ్మే చాచా ఉండేవాడు. తెల్లగడ్డం, ఎప్పుడూ శొంఠి వాసన వేసే చేతులు. నేను తిరిగి అమ్ముకోవడానికి ఆయన దగ్గర మలబద్ధకానికి వాడే సునాముఖి ఆకు తెచ్చుకునేవాణ్ణి. బతుకమ్మ పండుగ రోజుల్లో ఒకనాడు ఆ ఆకుకు ధర తగ్గించి, కొసరు వేయించుకుని, ఆ కొసరు చాలదని ఇంకో కొసరు అడిగాను. చాచా పడిపడి నవ్వి, "ఇగ నీకియ్యడానికి నా దగ్గర గడ్డం ఒక్కటే మిగిలింది బేటా" అంటూ చిన్న రేకు డబ్బీ తెరిచి, నల్లని మూడుపలకల విత్తనాలు చిటికెడు నా అరచేతిలో పోశాడు. హజ్‌కు పోయిన ఆయన బావమరిదికి అక్కడ సమర్కందు నుంచి వచ్చిన యాత్రికుడొకడు ఇచ్చాడట. వాళ్ల భాషలో ఆ చెట్టు పేరుకు సింహం తోక అని అర్థమట, గుండె దడకు పనిచేస్తుందని చెప్పుకుంటారట. మంచుదేశం విత్తనమని, చలికి ముడుచుకుని పడుకోనిదే మొలకెత్తదని, మన ఎండలకు అసలు మొలవదని చాచా ముందే చెప్పాడు. ఊరికే వచ్చిన సరుకు చెడిపోతుందంటే నాలాంటివాడు ఊరుకుంటాడా?

తడిగుడ్డలో మూటగట్టి కొట్టులోని కూల్‌డ్రింకుల పెట్టెలో, సీసాల అడుగున పెట్టాను. దీపావళి దాటినాక తీసి, మిద్దె మీద సగానికి కోసిన నూనె డబ్బాలో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి చల్లాను. చాలా రోజులు మట్టి మట్టిగానే ఉండి, నేను మరిచిపోబోయే వేళకు ఒక్కటంటే ఒక్కటి తల ఎత్తింది. పట్నం చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకున్నాను దాన్ని. పొద్దటి ఎండ చూపించి, మధ్యాహ్నం గోనెపట్టా నీడ కట్టి, మాకు తాగడానికి పోసుకున్న కుండలోని చల్లటి నీళ్లే దానికీ పోశాను. ఆకులు చేతివేళ్లలా చీలి, అంచున రంపంలా కోతలు పడి విప్పుకున్నాయి. ముట్టుకుంటే ఘాటు వాసన.

అప్పుడు వచ్చాడు మా ఇంటామె తమ్ముడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. పొద్దంతా వాటి చప్పుడులో ఉండి ఉండి, గుసగుస చెప్పినా గల్లీ చివరిదాకా వినిపించేది. మిద్దెక్కి డబ్బాను చూసి, చెయ్యి నడుముకు పెట్టుకుని, "ఏం బావా, ఉప్పుపప్పుల బేరం సాల్తలేదా? గంజాయి పెట్టినవ్!" అన్నాడు. నేను నవ్వాను. వాడు ఒక ఆకు తుంచి, వేళ్లు ఒక్కొక్కటి విప్పి చూపించి, వాసన చూపించాడు. నా నవ్వు ఎక్కడ పోయిందో తెలియదు. గంజాయి ఆకును నేనెప్పుడైనా చూసి ఉంటే కదా కాదని చెప్పడానికి! వాడు పోతూ పోతూ బస్టాండు హోటల్లో చాయ్ తాగుతూ ఈ ముచ్చట నవ్వులకే చెప్పాడు, కాని ఆ గొంతుతో చెప్పాడు.

"పీకి పారెయ్యయ్యా, పిల్లలున్న ఇల్లు" అని మా ఇంటామె మొత్తుకుంది. నాకూ పీకాలనే ఉంది. కాని మాట బజారున పడ్డాక చెట్టు కనిపించకపోతే, పీకినోడు దొంగ కాకపోతే ఎందుకు పీకిండని అడగరా? ఉంటే భయం, పీకితే రుజువు. అందుకని దాని చుట్టూ తాళ్లు కట్టి చీరలు ఆరేసేవాళ్లం, పక్కింటామె, "మీ పచ్చచీర ఇంకా ఆరలేదా వదినా?" అని అడిగే వరకూ వచ్చింది సంగతి. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మా దిక్కు నక్సలైట్ల కోసం తిరిగే పోలీసు జీపు చప్పుడు వినబడితే ఏ తప్పూ చేయనివాడి గుండె కూడా ఒకసారి ఆగి కొట్టుకునేది. నేను తూకం వేస్తుంటే ముల్లు నిలబడేది కాదు. గుండె దడ మందు పెంచబోయి, గుండె దడను సాకుతున్నాను.

ఒక సాయంత్రం ఠాణా నుంచి జమేదారు, అదే హెడ్ కానిస్టేబులు, నడుచుకుంటూ వచ్చాడు. వక్కపొడి కొని, నోట్లో వేసుకుని, తీరిగ్గా, "మిద్దె మీద తోట పెట్టినవట గద సేటు" అన్నాడు. గల్లాపెట్టెకు తాళం కూడా వెయ్యకుండా ఆయన్ను మిద్దె మీదికి తీసుకుపోయాను. ఆయన చీరలు పక్కకు జరిపి చూశాడు.

"ఏంది గిది?"

"మందు చెట్టు సార్. గుండె దడకట."

"మరి నీ గుండె గిట్ల కొట్టుకుంటున్నదేంది?" అని, నవ్వకుండానే, "ఇత్తనాలు ఎవలిచ్చిన్రు?" అన్నాడు.

చాచా పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే ఆ పీడ నా గుమ్మం దాటి ఎదురు వరుసకు పోతుంది. కాని ముసలి మనిషి, పరాయి దేశం విత్తనం, ఈ రెండు ముక్కలు ఠాణా మెట్లెక్కితే వాటికి ఇంకేం ముక్కలు అతుక్కుంటాయో ఆ బజారులో పుట్టిన నాకు తెలియనిదా?

"కొసరు వచ్చినయ్ సార్."

"కొసరుకు బిల్లుంటదా?"

"ఉండది సార్. పువ్వు పూసేదాక ఆగుండ్రి. గంజాయి అయితే నేనే నడ్సుకుంట ఠాణకు వస్త."

ఆయన చీరను మళ్లీ డబ్బా మీదికి జరిపి, "కాముని పున్నమి దాక" అన్నాడు, అంటే హోలీ వరకు. పుట్టి బుద్ధెరిగిన కాణ్నుంచి ఎదుటివాడు ఒక గడువు చెబితే దాన్ని పొడిగించకుండా వదలని నా నోరు, ఆనాడు ఒక్క రోజు కూడా ఎక్కువ అడగలేదు.

జమేదారు బిల్లు అడిగిన మాట చాచాకు చేరింది. శుక్రవారం నమాజు కాగానే మోకాళ్లు పట్టుకుంటూ మిద్దెక్కి, డబ్బా పక్కన కూలబడి, మొగ్గ కోసం ఆకు ఆకునూ ఎత్తి చూసేవాడు. అది చూస్తే నా భయమే నయమనిపించేది. "నా పేరు చెప్పెయ్ బేటా, నువ్వు పిల్లల తండ్రివి" అన్నాడొకసారి. "నీ పేరు చెప్తే నాకు కొసరెవలిస్తరు చాచా?" అన్నాను నేను, నవ్విద్దామని. ఆయన నవ్వలేదు. ఎండలు ముదురుతున్నాయి, కింది ఆకులు పండి రాలుతున్నాయి, చెట్టు ఎదుగుతోందే గాని పూత జాడ లేదు. పూయకుండానే ఎండిపోతే ఇక దాన్ని మందు చెట్టని అనిపించే దారే లేదు.

కాముని పున్నమి దగ్గరికొచ్చాక ఒక పొద్దున బట్టలు ఆరేస్తున్న మా ఇంటామె, "ఏందయ్యా, గిది తుమ్మిపూల చెట్టు తీరు గుత్తులు కడ్తున్నది?" అని కేకేసింది. నిజమే, నాలుగు పలకల కాడ, ఆకు ఆకు దగ్గర కాడ చుట్టూ ముళ్లముళ్ల పచ్చటి కట్టు. మరి రెండు మూడు పొద్దులకు ఆ కట్టులోంచి గులాబి రంగులో, పిల్లి చెవిలా నూగు ఉన్న చిన్న పువ్వు పెదవి విప్పింది. మా ఇంటామె తడిబట్ట ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను చెప్పులు లేకుండా రోడ్డు దాటి చాచా దగ్గరికి ఉరికాను.

జమేదారు చెప్పిన రోజుకే, చెంప మీద రంగుతో వచ్చాడు. చూసి, "గంజాయికి గులాబి పువ్వు పూయంగ నేనెన్నడు చూడలె" అని ఒళ్లంతా కదిలేలా నవ్వి, కిందికి దిగి చింతపండు కొని కొసరడిగాడు. ఎంత వేశానో నాకే తెలియదు. గంజాయని ఎందుకన్నవని బామ్మర్దిని అడిగితే "నవ్వులకన్న బావా" అన్నాడు, అంతే.

ఎండాకాలం నడుమకు చెట్టు నిలువునా ఎండింది. గుత్తులు నలిపితే ఒక గుప్పెడు నల్లని విత్తనాలు రాలాయి. పొట్లం కట్టి, ఎంతో గర్వంగా చాచా ముందు పెట్టాను. ఆయన ముట్టుకోలేదు. "వద్దు బేటా, బిల్లు లేని సరుకు ఇగ నా దుకాణంల వద్దు" అని, నాకు కావలసిన సునాముఖి తూచాడు. ముల్లు నిలువుగా ఆగింది. అంచు మీదికి జారిన ఒక్క ఆకును తీసి తిరిగి డబ్బాలో వేసి, పొట్లం మూతి మడిచాడు. నా చెయ్యి మాత్రం అలవాటుగా అలాగే చాచి ఉంది. ఆయన దాన్ని చూశాడు, చూసి తరాజు వైపు తిరిగాడు. ఆ తర్వాత చాచా కొసరు వెయ్యడం నేను చూడలేదు, నాకే కాదు, ఎవరికీ.

ఇప్పుడు చాచా లేడు, ఆ దుకాణంలో ఫోన్లు బాగుచేస్తారు. జగిత్యాల పిల్ల ఇచ్చిన బిల్లు మాత్రం ఇంతపొడుగు ఉంది, అందులో ప్రతి గింజకూ లెక్క ఉంది, తప్పుపట్టడానికి లేదు. ఆ కాలపు బిల్లు కూడా నిజాయితీగా వేసుకుంటే ఇంతే తేలుతుంది: నేను జైలుకు పోలేదు, చాచా పోలేదు, మన ఎండలకు మొలవదన్న విత్తనం మొలిచి పువ్వు పూసింది. అటు పక్క పోయింది ఒక్కటే, తూకం అయిపోయాక కూడా ఆగకుండా పొట్లం మీదికి వచ్చే ఆ ముసలి చెయ్యి. దాన్ని అడిగి అడిగి ఖాళీ చేసినవాణ్ణి నేనే.