నేరేడు చెట్టుకు తల్లి పోసింది

మొన్న ధూల్‌పేటలో మా బాపును చూడటానికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, మా అమ్మాయి వాకిట్లోని నేరేడు చెట్టు ఆకొకటి తెచ్చి, దాని మీది పచ్చటి బొబ్బలను ఫోన్‌తో ఫొటో తీసింది. "అమ్మా, ఇది సిల్లిడ్ అనే పురుగంట. ఆకులోనే గుల్ల కట్టుకొని బతుకుతదట" అని చదివి వినిపించింది. నేను ఆకును నలిపి వాసన చూశాను. తడిసిన పేడ, కుంపటి మీద కాగే పాలు, వాన పడ్డ మట్టి, అన్నీ కలిసి నా తొమ్మిదో ఏడు ముక్కుకు తగిలింది.

అప్పట్లో మాది పాల వ్యాపారం. ఆషాఢం వచ్చిందంటే గణపతి బొమ్మల కోసం తెచ్చిన మట్టి కుప్పలతో గల్లీ అంతా చిత్తడి, బోనాల కోసం ఇంటింటికీ సున్నం, నేరేడు పళ్ళు తిని తిని మా నాలుకలన్నీ ఊదారంగు, బడి నుంచి రాగానే సంచి గిరాటేసి నేను ఎక్కి కూర్చునేది కూడా వాకిట్లోని ఆ నేరేడు కొమ్మ మీదే. ఆ ఏడు బర్రెలు వానకు తడుస్తున్నాయని, చెట్టు కొట్టించి కొట్టం పెద్దది చేయాలని బాపు నిర్ణయించాడు. ఆదివారానికి గొడ్డలి మనిషిని కూడా మాట్లాడి వచ్చాడు. నేను అన్నం మానేసి ఏడ్చినా ఎవరూ పట్టించుకోలేదు.

శనివారం పొద్దున చెట్టు కింద ఊడుస్తున్న నానమ్మ చీపురు వదిలేసి ఆకులకేసి చూస్తూ నిలబడిపోయింది. ఏ ఆకు చూసినా బొబ్బలే.

"చెట్టుకు తల్లి పోసింది కొడుకా. గొడ్డలి గిట్ట ముట్టిచ్చినవో, ఇంటికి మంచిది గాదు" అంది బాపుతో.

ఇక తిరుగు లేదు, గొడ్డలి ఆగిపోయింది. మనుషులకు అమ్మవారు పోసినప్పటిలాగే నానమ్మ చెట్టు మొదలుకు పసుపు పూసి, వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు బంద్ చేసింది. తాలింపు లేని పప్పంటే నాకు చచ్చేంత చిరాకు. మూడో రోజుకు ఒళ్ళు మండి, పిన్నీసుతో ఒక బొబ్బను పొడిచాను. లోపల నలుసంత ఏదో కదిలింది. ఆకు పట్టుకుని గల్లీ మూల గడియారాలు బాగుచేసే ఖలీల్ చాచా దగ్గరికి పరుగెత్తాను. ఆయన కంటికి భూతద్దం బిగించుకుని చాలాసేపు చూశాడు.

"కీడా హై బేటీ. పత్తే మే ఘర్ బనా లియా" అని, పురుగు ఆకులోనే ఇల్లు కట్టుకుందని చూపిస్తూ ఆ అద్దం నా కంటికి పెట్టాడు. లేత పసుపు ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, బుల్లి కాళ్ళు. పురుగే.

సంబరంగా ఇంటికి పరుగెత్తినదాన్ని గుమ్మం దగ్గర ఆగిపోయాను. పురుగని చెప్పానంటే అమ్మవారు లేనట్టే, అమ్మవారు లేకపోతే గొడ్డలి దిగుతుంది. నోరు కుట్టేసుకున్నాను. తొమ్మిది రోజులూ ఆ చప్పిడి పప్పు మారు మాట్లాడకుండా తిన్నాను.

"ఏందే, గిట్ల బుద్ధిమంతురాలివైనవు" అని నానమ్మ మురిసిపోయింది. తర్వాత కొత్త చిగుళ్ళకూ బొబ్బలొచ్చాయి, ఏటా వచ్చాయి, కొట్టం మాత్రం పెరగలేదు. బాపు నెత్తిన గోనెసంచి కప్పుకుని, వానలోనే పాలు పిండాడు.

ఇప్పుడు నానమ్మ లేదు, బర్రెలు లేవు, కొట్టం ఉన్నచోట ఎవరివో బండ్లు నిలబెడుతున్నారు. చెట్టు మాత్రం కాయడం మానలేదు. ఫోన్‌లో పురుగు బొమ్మ చూపించి, ఇన్నేళ్ళు దాచిన నా గుట్టు బాపుకు చెప్పేశాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని తాపీగా చూశాడు.

"ఇదే. గొడ్డలాయనకు రావద్దని చెప్పొచ్చినంక, నేను గూడ ఒక బొబ్బ చిదిమి చూసిన" అన్నాడు. "చెప్దామని పోతె, మా అమ్మ చెట్టుకు దండం పెట్టుకుంట నిలవడ్డది బిడ్డా. తడిస్తె తడుస్తయి తియ్ బర్రెలు, అనుకున్న."