ఇసుక లేకుండా వంచిన పైపు

ఫిబ్రవరి పదిహేను, శనివారం. సాయంత్రం నాలుగు గంటలు.
హాజరు: నేను. నా భార్య సరోజన. వెల్డింగ్ షాపు యాదగిరి. రాజలింగు.

పైన ఉన్నది నిన్నటి తేదీ. నా డైరీలో ప్రతి పేజీ ఇలాగే మొదలవుతుంది. తేదీ, పని దగ్గర ఉన్నవాళ్ళ పేర్లు, ఆ తర్వాత జరిగిన పని. నలభై ఏళ్ళకు పైగా రాస్తున్నాను. ఇనుప బీరువాలో కింది రెండు అరలు ఆ డైరీలతోనే నిండిపోయాయి. వాటన్నిటిలో ఒకే ఒక్క పేజీలో అబద్ధం ఉంది. ఇన్నేళ్ళూ నేను మోసింది ఆ ఒక్క పేజీని.

మీరెవరో నాకు తెలియదు. కాబట్టి మీకు చెప్పడం కొంచెం సులువు. కానీ ముందు సంతోషం చెప్పనివ్వండి. చెడ్డ సంగతి చెప్పబోతూ సంతోషం ముందు పెట్టడం న్యాయమేనా? ఏమో. నిన్న మాత్రం రెండూ కలిసే వచ్చాయి.

నిన్న నేను పైపు వంచాను. ఒకటింపావు అంగుళం పైపు, సరిగ్గా మూలమట్టానికి. మంట లేదు. ఇసుక లేదు. వంపు లోపలి వైపు ఒక్క ముడత లేదు.

నేను గోదావరిఖనిలో గని వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఈ యంత్రం చేయడానికి పదకొండు నెలలు పట్టింది. చెప్పుకుంటే పెద్ద సంగతేం కాదు. నూనె ఒత్తిడితో లారీలెత్తే జాకు ఒకటి. దానికి ఇనుప చానళ్ళతో ఒక చట్రం. జాకు తల మీద అర్ధచంద్రాకారంలో గాడి తీసిన ఒక డై, అంటే ఇనుప అచ్చు. దానికి ఎదురుగా, పైపును రెండు పక్కలా ఆపే రెండు దిమ్మలు. హ్యాండిల్ కొడుతుంటే జాకు లేస్తుంది, డై పైపు నడుము మీద ఒత్తుతుంది, పైపు గాడిలో కూర్చుని వంగుతుంది.

మొదట చట్రాన్ని నేల మీద పడుకోబెట్టాను. జాకు నూనె లాగలేదు. నిలబెట్టాను, లాగింది. తర్వాత డై గాడి లోతు చాలలేదు. పైపు పక్కలకు ఉబ్బి, మధ్యలో అప్పడంలా నలిగింది. గాడి లోతు పైపు వ్యాసంలో సగం ఉండాలని నాకు తెలుసు. తెలిసీ బద్ధకించాను. బెల్లంపల్లిలో ఇనుము చెక్కే పాత లేత్ యంత్రం ఉన్న ఒకాయన దగ్గరికి రెండుసార్లు పోయి గాడి మళ్ళీ తీయించాను. చెడిపోయిన పైపులు పద్నాలుగు. ప్రతిదీ డైరీలో ఉంది, ఎందుకు చెడిందో కూడా.

"ఇంట్ల నల్ల కారుతుంటే వాషరు మార్చు తీరిక లేదు గని, ఆ జాకుకు మాత్రం రోజు నూనె పెడుతడు," అని సరోజన వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

కాలక్షేపానికి చేస్తున్నానని నేను అందరికీ చెప్పాను. అదీ పూర్తి నిజం కాదు. ఇసుక నింపకుండా, మంట పెట్టకుండా, బిరడా కొట్టకుండా ఒక్క పైపు వంచి చూడాలని ఉండేది నాకు. అది కూడా ఒకప్పుడు నాతో పనిచేసిన రాజలింగు కళ్ళ ముందు. ఎందుకు? యంత్రం తయారైతే పాత తప్పు చెరిగిపోతుందా? ఆ ప్రశ్న వేసుకోవడం ఇష్టం లేక గాడి లోతు గురించి ఆలోచిస్తూ కూర్చున్నానేమో.

ఇక చెప్పాలి.

ఆ రోజుల్లో మా వర్క్‌షాపులో పైపు వంచాలంటే లోపల ఇసుక దట్టించేవాళ్ళం. ఖాళీ పైపును వంచితే నలుగుతుంది, ఇసుక ఉంటే నలగదు. రెండు కొసలకూ కట్టె బిరడాలు బిగించి, గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచేవాళ్ళం. ఇసుకకు కరువు లేదు. బొగ్గు తీసిన ఖాళీల్లోకి నీళ్ళతో పంపడానికి గోదావరి ఇసుకను గని దగ్గరే గుట్టలుగా పోసేవారు. కానీ అది ఎప్పుడూ తడిగా ఉండేది. తడి ఇసుకతో నింపిన పైపును కాలిస్తే లోపలి నీళ్ళు ఆవిరై బిరడాను తుపాకీ గుండులా తన్నేస్తాయి. అందుకని ముందు ఇసుకను రేకు మీద పరిచి, కింద బొగ్గుల మంట పెట్టి, పల్లీలు వేయించినట్టు గంటసేపు తిరగేయాలి. అది నా పని.

నింపి, బిరడా కొట్టి, వంచడం రాజలింగు పని. నాకంటే నాలుగేళ్ళు చిన్న. చేతిలో పైపు పెడితే, ఎక్కడ వంచాలో చూపుతోనే చెప్పేవాడు. నేను తర్వాత కొలిచి చూసేవాణ్ణి. ఎప్పుడూ తేడా రాలేదు.

ఆ రోజు నేను మంట పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో డైరీలో లేదు. గుర్తు చేసుకోవాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా, గొప్ప కారణమేదీ దొరకలేదు. ఇసుక పొద్దున్నుంచి ఎండలో ఉంది. పైన తెల్లగా, పొడిగా కనిపించింది. అడుగున చెయ్యి పెట్టి చూడలేదు. అంతే.

రాజలింగు చెయ్యి పెట్టాడు.

"అన్నా, అడుగుది సల్లగ తగులుతంది. మంట పెట్టలేదా?"

"పొద్దటి సంది ఎండల ఉన్నది. ఇంక మంటెందుకు? నింపు."

"నింపుమంటవా?"

"నింపుమంటే నింపు. షిఫ్టు అయిపోతంది."

నింపాడు. పైపు కాల్చడం మొదలుపెట్టిన పది నిమిషాలకు అతని వైపు బిరడా పేలి ఎగిరింది. కాలిన ఇసుక ఎడమ చేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా పోసినట్టు పడింది. అతన్ని దవాఖానకు తీసుకుపోయాక ఇంజనీరు వచ్చాడు. ఇసుక సరిగ్గా ఆరబెట్టారా అని నన్ను అడిగాడు.

"బిరడా కొట్టింది రాజలింగు సార్," అన్నాను.

అది నిజమే. అడిగిన ప్రశ్నకు జవాబు కాదు, అంతే. ఆ తర్వాత షిఫ్టు పుస్తకంలో నా చేత్తో రాశాను: ఇసుక ఆరబెట్టి నింపబడినది. ఇంటికి వచ్చి అదే వాక్యం డైరీలోనూ రాశాను. డైరీని ఎవరూ చూడరు. మరి అక్కడెందుకు రాశాను? రెండు చోట్లా ఒకేలా రాస్తే నిజమవుతుందనుకున్నానా? మనిషి తనకు తానే ఎందుకు దొంగ సాక్ష్యం చెప్పుకుంటాడు?

నా రాతకు వర్క్‌షాపులో విలువ ఉండేది. కొలత దగ్గర, తేదీ దగ్గర ఎవరికి అనుమానం వచ్చినా నా పుస్తకమే తెరిచేవారు. అదే తెరిచారు. బిరడా సరిగ్గా బిగించలేదని తేల్చారు. చెయ్యి మానాక రాజలింగును వర్క్‌షాపు నుంచి తీసి గని లోపలికి పంపారు. రిటైరయ్యేదాకా అక్కడే పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టాడు. మళ్ళీ పైపు ముట్టలేదు.

అంతకంటే పెద్దది ఇంకొకటుంది. మా కమ్మరి కొమురయ్య ఒక మాట పుట్టించాడు. రాజలింగు బీడీ వెలిగించుకోబోతే చాలు, "జరుగుండ్రి, జరుగుండ్రి, రాజలింగు అగ్గి ముట్టిస్తుండు," అనేవాడు. అందరూ జరిగినట్టు నటించేవారు. అందరం రిటైరయ్యాం. రోజూ పొద్దున చౌరస్తా చాయ్ హోటల్ దగ్గర కలుస్తాం. సుత్తి మోతకు కొమురయ్య చెవులు పోయాయి, ఆ మాట మాత్రం పోలేదు. వాళ్ళు జరిగినప్పుడల్లా నేనూ జరిగాను. అవును, నేను కూడా.

నిన్న రాజలింగు రానన్నాడు. మూడుసార్లు పిలిస్తే వచ్చాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో సాయంత్రం బ్లాస్టింగ్ అయ్యేదాకా ఆగాం. రేకులు అదిరితే నా కొలత గుర్తులు చెదురుతాయి.

"కాకా, ఇది వంచుతదా, ఇరుస్తదా?" అన్నాడు యాదగిరి. డై బిగించడానికి వెల్డింగ్ చేసింది అతనే.

"నీ వెల్డింగు నిలవడితె వంచుతది," అన్నాను.

హ్యాండిల్ కొట్టాను. పైపు మెల్లగా, చప్పుడు లేకుండా వంగుతూ వచ్చింది. ఒత్తిడి తీసేస్తే పైపు కొంచెం వెనక్కి వస్తుంది కాబట్టి నాలుగు డిగ్రీలు ఎక్కువ వంచి వదిలాను. వచ్చి సరిగ్గా మూలమట్టం మీద ఆగింది. యాదగిరి మట్టం పెట్టి చూసి, తిప్పి పెట్టి మళ్ళీ చూశాడు. నాకు డెబ్బై దాటాయి. ఎగరాలనిపించింది.

రాజలింగు అంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు ముందుకు వచ్చి, వంపు లోపలి వైపు బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించాడు. ఆ చెయ్యి ఎడమ చెయ్యి. మోచేతి దాకా చర్మం ముడతలు ముడతలుగా ఉంది.

"ముడత లేదు," అన్నాడు.

ఇంత కాలం ఎన్నోసార్లు చెప్పేదాకా వచ్చి, వంగిన పైపులా వెనక్కి పోయాను. నిన్న పోలేదు. సరోజన ముందు, యాదగిరి ముందు అనేశాను.

"రాజలింగూ, ఆనాడు ఇసుక తడిది. నేను మంట పెట్టలే. పుస్తకంల అబద్ధం రాసిన."

అతను పైపు మీద నుంచి వేలు తీయలేదు.

"నాకు చెప్తున్నవా? ఆ ఇసుక నా చేతులకెల్లి గద పైపుల పడ్డది. నాకు తెల్వదా?"

"తెలిస్తె ఇన్నేండ్లు అడగకపోతివి."

"దవాఖానల ఉన్నప్పుడే చెప్పిన. ఎవలు నమ్మలే. నీ పుస్తకం ముందట నా మాట ఏం నిలుస్తది?"

సరోజన నా వైపు చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె అలా చూడటం మొదటిసారి. నేను తల దించుకున్నాను.

"తెలిసినోనికి చెప్పుడు గొప్ప కాదు," అన్నాడు రాజలింగు, చెప్పులు తొడుక్కుంటూ. "తెల్వనోళ్ళు చాయ్ హోటల్ కాడ కూసుంటరు. రేపు పొద్దుగాల ఆడికి రా. ఆ డైరీ పట్టుకొని రా."

చాయ్ తాగకుండా వెళ్ళిపోయాడు.

రాత్రి ఆ పేజీని దిద్దుదామని ఎర్ర పెన్ను తీసి, మళ్ళీ పెట్టేశాను. ఆ వాక్యం ఎలా రాశానో అలాగే వాళ్ళకు కనిపించాలి.

ఫిబ్రవరి పదహారు, ఆదివారం. పొద్దున ఏడు గంటలు. చాయ్ హోటల్.
హాజరు: నేను. రాజలింగు. కొమురయ్య. పాత వర్క్‌షాపు వాళ్ళు ఇంకో ఐదుగురు.

నిలబడి డైరీ తెరిచాను. తేదీ చదివాను, ఆ రోజు హాజరైనవాళ్ళ పేర్లు చదివాను, ఇసుక ఆరబెట్టి నింపబడినది అని చదివాను. "ఇది అబద్ధం," అన్నాను. "ఇసుక ఆరవెట్టలే. తడిదని రాజలింగు చెప్పినా నేనే నింపుమన్న. బిరడా మంచిగనే కొట్టిండు. తప్పు నాది."

ఒకాయన చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఇంకొకాయన రాజలింగు చెయ్యి వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు. కొమురయ్య చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని పక్కవాణ్ణి అడిగాడు: "ఏమంటుండు? పైపు వంగిందటనా?"

రాజలింగు నా వైపు చూడలేదు. జేబులోంచి బీడీ తీసి, అగ్గిపుల్ల గీసి, నింపాదిగా వెలిగించుకున్నాడు. ఎవరూ జరగలేదు.

"కొమురన్నకు ఇనవడలే," అన్నాడు పొగ వదులుతూ. "మళ్ళ సదువు."

నేను మళ్ళీ తేదీ దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఈసారి అవతల ఆటో స్టాండు దాకా వినబడేలా చదివాను.