పబ్లిక్ పరీక్షల ముందు ప్రేమ

విజయవాడ నుంచి చల్లపల్లి వెళ్ళే బస్సులో పక్క సీటావిడ రిటైరైన లెక్కల టీచరు. నా ఉద్యోగం, జీతం, పెళ్ళి సంగతులన్నీ అడగడం పూర్తయ్యాక, "ఏదైనా మంచి సినిమా చెప్పు బాబూ, ఇంటికెళ్ళి చూస్తాను" అన్నారు.

మాది నిజామాబాద్. ఈవిడ మళ్ళీ కనబడరు కదా అన్న ధైర్యంతో, మా ఇంట్లో కూడా పేరెత్తని నా ఇష్టమైన సినిమా గురించి చెప్పేశాను. ఒకే బళ్ళో చదివే ఇద్దరు కుర్రాళ్ళు ప్రేమించుకునే కథ అది.

"ఇద్దరూ మగపిల్లలేనా?"

"అవునండీ." ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు.

"ఏ క్లాసు?"

"టెన్త్ అండీ."

ఆవిడ నుదురు కొట్టుకున్నారు. "పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని ప్రేమేంటి బాబూ! వాళ్ళ టీచర్లేం చేస్తున్నారు?"

అంతవరకూ బస్సు దిగి పారిపోదామనుకున్న నేను, ఆ పిల్లల తరఫున వాదనకు దిగాను. ఇద్దరూ కలిసే చదువుకుంటారని, ఒకడు రెండోవాడికి లెక్కలు నేర్పుతాడని చెప్పాను.

"లెక్కలా? అయితే ఫర్వాలేదు" అని శాంతించారు.

ఉయ్యూరులో దిగిపోయినావిడ, బస్సు కదులుతుంటే గబగబా వచ్చి కిటికీ తట్టారు.

"చివరికేమైందో చెప్పలేదేం బాబూ?"

"కలిసిపోతారండీ!"

"అది కాదయ్యా, పాసయ్యారా?"

ఆ సినిమాలో రిజల్ట్స్ చూపించరు. కానీ బస్సంతా నా వైపే చూస్తోంది. "ఇద్దరికీ ఫస్ట్ క్లాసండీ!" అని అరిచాను.

ఆవిడ రెండు చేతులూ పైకెత్తి దేవుడికి స్తోత్రం చెప్పారు.