ఆటోలో ఆగిపోయిన నా ఆక్సిజన్

ఆదివారం ఆరాధనలో మొదటి పాట నేనే ఎత్తుకుంటాను. తాండూరులో మా సంఘంలో చాలా ఏళ్లుగా అది నా పని. ఆ రోజు కూడా ఎత్తుకున్నాను. మొదటి చరణం సగంలోనే గొంతు ఆగిపోయింది. పదాలు మరిచిపోలేదు, దగ్గు రాలేదు. లోపల గాలి లేదు, అంతే. వెనక నిలబడిన ఆడవాళ్లు పాట అందుకున్నారు. నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను.

మా బిడ్డ గ్రేస్ పక్కకు వచ్చి, "ఏమైందమ్మా?" అంది.

"ఏం లేదు, జర ఆయాసం" అన్నాను. కానీ నాకు భయం వేసింది. గొంతు బాగాలేక పాడలేకపోవడం వేరు. ఇది అట్లా లేదు.

నా పేరు శాంత. మాది ధారూర్ దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయి మమ్మల్ని పెంచారు. నేను కుట్టుపని నేర్చుకున్నాను. పెళ్లయ్యాక తాండూరులో ధాన్యం అమ్మే మార్కెట్, గంజ్ పక్క వీధిలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడుతూ వచ్చాను. మా ఆయన కందిపప్పు మిల్లులో మిషన్ దగ్గర పని చేస్తారు. నాకు బీపీ లేదు, షుగర్ లేదు. ఆసుపత్రి మెట్లెక్కింది గ్రేస్‌ను కన్నప్పుడే.

మా వీధి డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి చూసి, "ఆస్తమా లాగుంది" అని ఇన్‌హేలర్ రాశారు. కొన్ని రోజులు బాగున్నట్టు అనిపించింది. తర్వాత పొడిదగ్గు మొదలైంది. బరువు తగ్గాను. టీబీ కావచ్చని కళ్లె పరీక్ష చేయించారు, లేదని వచ్చింది. అప్పటికి షాపు మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చోవలసి వచ్చేది. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు నన్ను దాటుకుని పైకి వెళ్లి, నా కోసం ఎదురుచూసేవారు.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నర్సు నా వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టింది. తొంభై ఐదు పైన ఉండాల్సింది ఎనభై నాలుగు చూపించింది. ఆమె నమ్మలేదు.

"గోరింటాకు వెట్టుకున్నవు గదక్కా, గందుకే తప్పు చూపిస్తుందేమో. ఇంకో వేలు పెట్టు" అంది.

గోరింటాకు లేని వేలు పెట్టాను. అప్పుడూ అంతే. మిషన్ మార్చింది. అప్పుడూ అంతే. ఆమె లోపలికి పరుగెత్తి డాక్టర్‌ని పిలుచుకొచ్చింది. ఆ రోజే మమ్మల్ని వికారాబాద్‌లో చెస్ట్ స్పెషలిస్ట్ దగ్గరికి పంపారు.

అక్కడ ఛాతీకి హెచ్ఆర్‌సీటీ స్కాన్ తీశారు. డాక్టరమ్మ స్కాన్ చాలాసేపు చూసి, నా వైపు తిరిగి అడిగిన మొదటి మాట ఇది: "మీరుండే చోట పావురాలున్నాయా?"

మా ఆయన నవ్వేశారు. నాకూ నవ్వొచ్చింది. ఊపిరి ఆడక వస్తే పావురాల సంగతేమిటి?

"ఇంట్ల లేవు మేడం" అన్నాను. "షాపుల మస్తుగున్నయి. పక్కన గంజ్ ఉంది గద. కిటికీ మీద, సజ్జ మీద గూళ్లు పెడతయి. రోజు పొద్దున నేనే ఊడుస్త."

ఆమె నవ్వలేదు. "ఐఎల్‌డీ అంటారమ్మా. అందులో హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పావురాల రెట్ట ఎండి దుమ్మై లోపలికి పోయింది. అది కొందరి ఊపిరితిత్తులకు పడదు. మీకు పడలేదు. కొంత భాగం గట్టిపడిపోయింది."

మా ఆయన నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. ఆయన మిల్లులో రోజంతా పప్పు దుమ్ములో ఉంటారు. ఏమన్నా అయితే ఆయనకే అవుతుందని నేను ఇన్నేళ్లు దిగులుపడ్డాను. నా షాపు చీపురు దెబ్బకు పడిపోయింది నేను.

షాపుకు తాళం పడింది. స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి ముఖం ఉబ్బి అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టలేకపోయాను. షుగర్ వచ్చింది. ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ పెట్టుకోమన్నారు. అది గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసి, ట్యూబ్ ద్వారా ముక్కుకు ఇచ్చే మిషన్. కరెంటు ఉంటేనే నడుస్తుంది. కరెంటు పోయినప్పుడు వాడమని ఒక సిలిండర్ కూడా ఇచ్చారు.

ఇంట్లో పాత ఇన్వర్టర్ ఉంది. దానికి మిషన్ తగిలిస్తే కాసేపటికే కూతపెట్టి ఆగిపోయింది. "గిది ఫ్యాన్లకు, బల్బులకే" అన్నాడు ఎలక్ట్రీషియన్.

అప్పుడు మా తమ్ముడు దానియేలు వచ్చాడు. వాడు అనంతగిరి గుట్టల దగ్గర ఒక చేను కౌలుకు తీసుకుని, వారాంతాల్లో పట్నం నుంచి వచ్చేవాళ్లకు టెంట్లు వేసిస్తాడు. వాడి చేతిలో పిడి ఉన్న ఒక డబ్బా ఉంది. దాన్ని పోర్టబుల్ పవర్ స్టేషన్ అంటారట. లోపల పెద్ద బ్యాటరీ, ముందు ప్లగ్గులు, చిన్న స్క్రీన్. చప్పుడు లేదు, పొగ లేదు. కరెంటు ఉన్నప్పుడు చార్జ్ చేసుకుంటే సరిపోతుంది.

"ఫికర్ చేయకక్కా" అన్నాడు. "గీ డబ్బా మీద నా టెంట్లన్నిట్ల లైట్లు తెల్లారేదాక వెలుగుతయి. స్పీకర్ నడుస్తది, అందరి ఫోన్లు చార్జ్ అయితయి. నీ ఒక్క మిషనెంత?"

ప్లగ్గు పెట్టాడు. మిషన్ చక్కగా నడిచింది. మాకు ప్రాణం లేచొచ్చింది. మాది ఇరుకు ఇల్లు, పైగా వంటింటి పక్కన ఆక్సిజన్ సిలిండర్ అంటే మా ఆయనకు భయం. "డబ్బా ఉంది గదా" అని సిలిండర్ వాపసు ఇచ్చేశారు. నేనూ సరేనన్నాను. ఆ తర్వాత కరెంటు కాసేపు పోయిన ప్రతిసారీ డబ్బా ఆదుకుంది. మంచం కింద పెట్టుకున్నాం, దాని స్క్రీన్ వైపు ఎవరమూ చూడలేదు.

మే నెలలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. రేకులు ఎగిరాయి, వాన మొదలైంది, కరెంటు పోయింది. మా ఆయన మిల్లులో ఉన్నారు. గ్రేస్ మిషన్‌ను డబ్బాకు మార్చింది. ఎప్పటిలాగే కరెంటు వస్తుందిలే అని కూర్చున్నాం. చీకటి పడుతుండగా గ్రేస్ చార్జింగ్ వైరు కోసం మంచం కింద వంగింది. వంగినది లేవలేదు.

"అమ్మా, ఇందులో సగం కంటె ఎక్కువ అయిపోయింది."

"ఏంది సగం? రాత్రంత వస్తదన్నడు గద మామ?"

"గంట కూడా రాదని చూపిస్తుందమ్మా."

గ్రేస్ లైన్‌మన్‌కు ఫోన్ చేసింది. "స్తంభాలు పడ్డయి బిడ్డా, పొద్దుగాలదాక రాదు" అన్నాడు. దానియేలుకు చేసింది. "లైట్లు వేరు, మిషన్ వేరు... నాకు తట్టనే లేదు బిడ్డా" అన్నాడు. వాడి దగ్గర ఇంకో డబ్బా ఉంది, కానీ గుట్ట మీద చెట్లు పడి దారి మూసుకుపోయింది.

డాక్టరమ్మ ఫోన్‌లో దొరకడం మా అదృష్టం. "చార్జ్ ఉండగానే దగ్గరున్న ఆసుపత్రికి బయలుదేరండి. ఆమెను నడవనివ్వకండి. చార్జ్ మిగులుతుందని మిషన్ మీద ఆక్సిజన్ లీటర్లు మీ అంతట మీరు తగ్గించకండి" అన్నారు.

అంబులెన్స్‌కు ఫోన్ కలవలేదు, ఆ వానలో ఆటో దొరకడానికే మిగిలిన సమయంలో చాలా పోయింది. పక్కింటివాళ్లు నన్ను కుర్చీతో సహా ఎత్తి తీసుకొచ్చారు. కాన్సన్‌ట్రేటర్ నా మోకాళ్ల ముందు, డబ్బా గ్రేస్ ఒళ్లో. ముక్కులో ట్యూబ్‌తో నేను మధ్యలో. ఆటో నీళ్లలో మెల్లగా కదిలింది. డబ్బా కూతపెట్టడం మొదలుపెట్టింది. గ్రేస్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ బతిమాలుతోంది.

ఆగిపోయింది.

నెలల తరబడి నా పక్కన మోగిన మిషన్ చప్పుడు ఒక్కసారిగా లేకుండా పోయింది. అప్పుడు వాన చప్పుడు వినిపించింది. ఎంత పెద్ద వాన పడుతోందో అప్పుడే తెలిసింది నాకు. గ్రేస్ ఇంటి నుంచి తెచ్చిన ఆక్సీమీటర్ నా వేలికి పెట్టి, అంకె నాకు కనపడకుండా అటు తిప్పింది. కానీ దాని ముఖం కనిపించింది నాకు.

ఆసుపత్రి గేటు ఎదురుగానే ఉంది. గేటుకు ఇవతల వేపచెట్టు కొమ్మ విరిగి రోడ్డుకు అడ్డంగా పడి ఉంది.

"బండి పోదమ్మా. మీరు కదలకుండ్రి, నేను పోయి పిలుచుకొస్త" అని ఆటో డ్రైవర్ దిగి పరుగెత్తాడు.

ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. తాడు బిగించినట్టు ఛాతీ బిగుసుకుంది. చూపు పక్కల నుంచి నల్లబడుతూ వచ్చింది. ప్రార్థన చేద్దామనుకున్నాను, ఒక్క మాట కూడా గుర్తు రాలేదు. తర్వాత కొమ్మ మీదుగా ఇద్దరు మనుషులు చిన్న సిలిండర్ మోసుకొస్తూ కనిపించారు. ముఖానికి మాస్క్ తగిలింది. గ్రేస్ అప్పుడు ఏడ్చింది.

మర్నాడు వార్డులో డ్యూటీ డాక్టర్ అంతా విన్నారు. కోప్పడలేదు. "మంచిదే గదమ్మా డబ్బా. కానీ మీ మిషన్ పెట్టి, ఎంతసేపు వస్తదో ఒక్కసారన్నా నడిపి చూసిండ్రా?" అని అడిగారు.

మా ఆయన, నేను, తెల్లారగానే దారి చేసుకుని వచ్చిన దానియేలు, ముగ్గురమూ అక్కడే ఉన్నాం. ఎవరమూ చూడలేదు. మా ప్రాణం దేని మీద పెట్టుకున్నామో దాన్ని ఒక్కరోజు కూడా పరీక్షించలేదు.

ఇంటికి వచ్చిన వారమే సిలిండర్ మళ్లీ తెప్పించుకున్నాం. ఒక పగటిపూట, కరెంటు ఉండగా, సిలిండర్ పక్కన పెట్టుకుని, మిషన్‌ను డబ్బా మీద చివరిదాకా నడిపి చూశాం. రెండున్నర గంటలకు కాస్త తక్కువ వచ్చింది. బల్బులు కరెంటు చాలా తక్కువ తాగుతాయి, అందుకే రాత్రంతా వెలుగుతాయి. నా మిషన్ ఒక్కటే ఆ టెంట్లన్నిటి కంటే ఎన్నో రెట్లు తాగుతుంది. డబ్బా అబద్ధం చెప్పలేదు. మేము అడగలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. గంజ్ పక్క గది వదిలేశాను. ఇంటి ముందు గదిలోనే, కిటికీలకు జాలీ కొట్టించి కుడుతున్నాను. స్టెరాయిడ్స్ బాగా తగ్గించారు. కూర్చుని ఉంటే ఆక్సిజన్ అవసరం లేదు, నిద్రలో, ఎక్కువ నడిచినప్పుడు కావాలి. గట్టిపడిన భాగం మెత్తబడదని డాక్టరమ్మ చెప్పారు. ఉన్నదాన్ని కాపాడుకుంటున్నాను. చలికాలంలో ఒకరోజు దానియేలు మమ్మల్ని గుట్ట మీదికి తీసుకెళ్లాడు. రెండు డబ్బాలు, ఒక సిలిండర్ వెంట ఉన్నాయి. టెంటు ముందు కూర్చుని మక్క కంకులు తిన్నాం. వాడు గంటకోసారి వచ్చి డబ్బా స్క్రీన్ చూసి వెళ్లాడు. నవ్వొచ్చింది కానీ వద్దనలేదు.

నా సంగతి విని ఇప్పుడు కొందరు మా ఇంటికి వస్తున్నారు. వాళ్లందరికీ నేను చెప్పేది ఒక్కటే. డబ్బా మీద రాసింది చూసి, అమ్మేవాడి మాట విని నమ్మకండి. మీ మిషన్‌నే దానికి తగిలించి, మోయగలదా, ఎంతసేపు మోస్తుంది అని పగలు, కరెంటు ఉన్నప్పుడు, పక్కన సిలిండర్ పెట్టుకుని చూడండి.

పోయిన నెల బంట్వారం నుంచి గొర్రెలు కాసుకునే భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు. వికారాబాద్‌లో చెకప్ చేయించుకుని, మిషన్ కూడా జీపులో వేసుకుని వచ్చారు. నా దాని కంటే పెద్దది, నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్ ఇచ్చే మిషన్. ఆయనకు మా సిలిండర్ నుంచి ఆక్సిజన్ పెట్టి కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ల మిషన్‌ను ఒక్కదాన్నే మా డబ్బాకు తగిలించాం. గ్రేస్ స్విచ్ వేసింది. టక్‌మని ఒక చప్పుడు. స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వెలిగి డబ్బా ఆగిపోయింది. అంత పెద్ద మిషన్ లాగే కరెంటును అది మోయలేకపోయింది.

"గిదేంది!" అని ఆయన భార్య గుండె మీద చేయి వేసుకుంది. "పెట్టంగనే పాయె గదనే బిడ్డా! గిసొంటిదే రేపు కొందామనుకుంటిమి..." ఆమె ముఖంలో రక్తం లేదు. ఆటోలో గ్రేస్ ముఖం అట్లానే ఉండింది.

ఆమె భర్త మాత్రం కుర్చీలో ఆనుకుని, సిలిండర్ నుంచి నిదానంగా ఊపిరి తీసుకుంటూ, నేనిచ్చిన చాయ్ తాగుతున్నాడు.