గేటు దగ్గరి జోడి

“రేపు నేను పోత అవ్వా. నువ్వేమన్నా అనుకో.”

“పోయి ఏం జేస్తవ్? ఎన్ని గేట్ల ముంగట నిలబడ్డవో యాదికి లేదా? ఈడ నీడ ఉన్నది, నీళ్లున్నయ్, కరెంటున్నది. కిరాయి లేదు. గిదాన్ని గూడ పోగొట్టుకుంటవా?”

“నీడ గాదు, నాకు జేల్ల ఉన్నట్టున్నది.”

“జేల్ల జీతమియ్యరు బిడ్డా.”

చిల్కూరు దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో, గేటు పక్కనున్న గదిలో, శనివారం మధ్యాహ్నం నా కొడుకూ నేనూ ఇట్లా మాటకు మాట పెంచుకుంటూ కూర్చున్నాం. కూర్చున్నది నేనే. సాయంత్రం వచ్చే చుట్టాల కోసం ఉల్లిగడ్డలు కోస్తున్నాను. చుట్టాలంటే మా చుట్టాలు కాదు, ఫామ్‌హౌస్ కిరాయికి తీసుకుని పండుగ చేసుకునేవాళ్లు. వాడు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. రెండు మంచాలు వేస్తే మనిషి తిరగడానికి చోటు లేని గది అది. కోపం వస్తే పోయి కూర్చోవడానికి ఇంకో మూల కూడా ఉండదు.

తగువంతా ఒక్క ఫోను కోసం. చందనవెల్లి ఫ్యాక్టరీలకు బస్సులు నడిపే కాంట్రాక్టరు దగ్గరి నుంచి పిలుపు వచ్చింది. ఆదివారం పొద్దున్నే వచ్చి బస్సు నడిపి చూపించాలట, నచ్చితే పెట్టుకుంటారట. కానీ శనివారం చుట్టాలు దిగితే ఆదివారం మధ్యాహ్నం వాళ్లు వెళ్లేదాకా మేమిద్దరం గేటు లోపలే ఉండాలి. అది ఓనరు పెట్టిన మొదటి షరతు. వాడు పోతే ఉన్న నౌకరి పోతుంది. పోకపోతే ఆ బస్సు మళ్లీ రాదు. వాడికి యాభై దాటాయి.

మాది ఆలూరు పక్క. నా కొడుకు మొయినాబాద్‌లో ఒక బడికి చాలా ఏళ్లు బస్సు నడిపాడు. చిన్న చిన్న పిల్లలు, వాళ్ల సంచులు, నీళ్ల సీసాలు. ఎవరి ఇంటి ముందు ఎంతసేపు ఆగాలో, ఏ పిల్ల మెట్టు దిగుతూ ఏడుస్తుందో వాడికే తెలుసు. ఒక ఏడు బడివాళ్లు బస్సులన్నీ కాంట్రాక్టుకు ఇచ్చేశారు. ఆ కాంట్రాక్టు తీసుకున్నాయన డ్రైవర్లందరినీ వరుసగా నిలబెట్టి, వయసు మీద పడ్డవాళ్లను పక్కకు జరగమన్నాడు. నా కొడుకు పక్కకు జరిగాడు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు, పడుకున్నాడు, ఒక్క మాట కూడా చెప్పలేదు. మరునాడు పొద్దున లేచి బస్సు బట్టలు తొడుక్కుని, మళ్లీ విప్పేస్తుంటే అడిగి తెలుసుకున్నాను.

ఆ తర్వాత వాడు తిరగని చోటు లేదు. ట్రావెల్స్ ఆఫీసులు, కూరగాయల లారీలు, చందనవెల్లిలో ఒకదాని తర్వాత ఒకటి ఫ్యాక్టరీ గేట్లు. ఎవరూ లేదని ముఖం మీద చెప్పరు. నంబరు రాసుకుంటాం, ఫోను చేస్తాం అంటారు. వాడు ఫోను నేల మీద బోర్లా పెట్టడం మానేశాడు. అన్నం తినేటప్పుడు కూడా అద్దం పైకి కనబడేటట్టు పళ్లెం పక్కన పెట్టుకునేవాడు.

ఒకసారి ఒక గేటు దగ్గర తెల్లవెంట్రుకలు చూసి వెనక్కి పంపారని, నేనే చేవెళ్లలో రంగు పొడి ప్యాకెట్టు కొనుక్కొచ్చాను. సగం కలిపాను. ముందు భాగానికి, మీసానికి సరిపోయింది. మనిషి మనిషిని చూసేది ముందు నుంచే కదా, మిగతా సగం ఇంకో గేటుకు పనికొస్తుందని డబ్బాలో దాచాను. పొదుపు నాకు కొత్తగా వచ్చింది కాదు. అక్కడ గేటు దగ్గరి మనిషి వీడిని ఎదురుగా చూసి లోపలికి రమ్మన్నాడట, నాలుగు అడుగులు వేయగానే వెనక నుంచి పిలిచాడట.

“ముంగట జూస్తే అన్న, ఎనక జూస్తే బాపువి. నువ్వెవరివి అసలు?”

అందరూ నవ్వారట. వాడు ఇంటికి వచ్చి చెబుతూ తానూ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు చిల్కూరు ఆటో నడిపే ఒకతను ఈ ఫామ్‌హౌస్ సంగతి చెప్పాడు. మా దిక్కు ఫామ్‌హౌస్‌లలో ఒంటి మనిషిని పెట్టుకోరు, జోడిని పెట్టుకుంటారు. మొగాయన గేటు, మోటరు, చెట్లు చూసుకోవాలి. ఆడామె ఊడవాలి, గిన్నెలు తోమాలి, రొట్టెలు చేయాలి. ఇద్దరికీ కలిపి ఒక్క జీతం. ఒకరు బయటికి పోతే ఇంకొకరు లోపల ఉండాలి. పెండ్లాం పిల్లలు లోపల ఉంటే మొగాయన ఎక్కడికీ పారిపోడని ఓనర్ల లెక్క.

కోడలిని అడిగాం. ఆమె చందనవెల్లిలోనే ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది, కంపెనీ బస్సు ఊళ్లోకి వచ్చి ఎక్కించుకుంటుంది. మనవరాలు చేవెళ్లలో కాలేజీకి పోతుంది. ఇల్లు నడిచేది కోడలి జీతం మీదే. “నీ నౌకరి కోసం నా నౌకరి ఇడువాల్నా?” అని ఆమె మొగుణ్ని అడిగింది. అడగవలసిన మాటే అడిగింది. నేను అడ్డం చెప్పలేదు.

కాబట్టి నేను వచ్చాను. అప్పటిదాకా చేవెళ్ల మార్కెట్‌లో ఆకుకూరల కట్టలు కొని, మొయినాబాద్ చౌరస్తాలో గోనెసంచి పరిచి అమ్మేదాన్ని. ఆ జాగాలో ఇప్పుడు వేరే ఆమె కూర్చుంటోంది. మమ్మల్ని మొదటిసారి చూసి ఓనరు, నీ భార్య ఏదయ్యా అని వాడిని అడిగాడు. వాడు తల వంచుకున్నాడు. నేను ముందుకు వచ్చాను.

“జోడి గావాలన్నరు, జోడి వచ్చినం. పెండ్లయిన జోడే గావాలని మీరు చెప్పలే సారూ.”

ఆయన నవ్వాడు. కొన్నాళ్లు చూద్దాం అన్నాడు.

ఈ గేటు ఇనుప రేకుది, మనిషి కంటే ఎత్తు. తాళం పెట్టే చోట చిన్న సందు ఉంది. బయటి లోకం మాకు ఆ సందులోంచి కనబడేంతే. గుడికి పోయే జనంతో ఆటోలు పోతుంటాయి. వాళ్లు పాటలు పెట్టుకుని పోతారు, అవి మలుపు తిరిగేదాకా వింటాను. ఊళ్లో ఉన్నప్పుడు ఆదివారం చర్చి తప్పింది లేదు. ఇక్కడికి వచ్చాక ఆదివారమే మాకు ఊపిరాడని రోజు. మొయినాబాద్ వైపు నుంచి గాలి వీస్తే మైకులో ప్రార్థన పాట ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. ఆ సమయానికి నేను ఈతకొలను పక్కన సీసాలు, కాగితం పళ్లేలు ఏరుతుంటాను. పాటలో ఏ చరణం పాడుతున్నారో అర్థమయ్యేలోపు గాలి మారిపోతుంది.

నేను సగం కాలిన కొవ్వొత్తులు, అరిగిన సబ్బు ముక్కలు దాచుకుంటాను. అట్లా ఏదో ఒకటి చేతిలో మిగులుతుంది. వాడికి అట్లా మిగిలింది ఒక్కటే. కార్లు ఎక్కువ వచ్చి ఇరుకైనప్పుడు తాళం చెవి వాడికి ఇస్తారు. నాలుగు బారల దూరం వెనక్కి తీసి పెడతాడు. వారమంతా వాడు స్టీరింగు పట్టేది అంతవరకే.

ఆ శనివారం ఉల్లిగడ్డలు అయిపోయినా తగువు అయిపోలేదు.

“నీకు ఈ గేటు అలవాటైంది అవ్వా. నాకు గాలే. ఇంకో ఏడాది ఉంటే నాకూ అయితది. గప్పుడు ఎవలు పిలిచినా పోను.”

“అలవాటు గాక ఏం జెయ్యాలె? నీ పెండ్లాం పట్టాల్సిన చీపురు నేను పట్టిన. అలవాటు చేస్కోకుంటే నిన్ను ఈ గేటు లోపలికి గూడ రానియ్యకపోదురు.”

వాడు మోటరు వేయడానికి వెళ్లిపోయాడు. నేను పొయ్యి వెలిగించాను. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు. అది నిజమైన మాట కూడా.

పొద్దు గుంకక ముందే చుట్టాలు దిగారు. ఎవరిదో పుట్టినరోజు. కుర్రవాళ్లు, ఆడపిల్లలు, వెనక కారులో కేకు. వంటింటి కిటికీలోంచి నాకు గేటు దాకా కనబడుతుంది. ఒకతను కారు దిగి తాళం చెవి గాల్లోకి విసిరాడు.

“తాతా, జర వెనక్కి పెట్టు.”

ఆ పిలగాడి తండ్రికీ నా కొడుకుకూ ఒకే వయసు ఉంటుంది. వాడు చెవి పట్టుకున్నాడు. కారెక్కి, రెండు కార్ల నడుమ ఉన్న సందులోకి తీసి పెట్టాడు. ఇంజను ఆగింది. మనిషి మాత్రం దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ముందున్నది ప్రహరీ గోడ. కాసేపటికి వెనక చూసే అద్దాన్ని వేలితో కొంచెం సరిచేశాడు, బడి పిల్లలు వెనక ఉన్నట్టు. తర్వాత, కారు తనది కాదని గుర్తొచ్చిందేమో, మళ్లీ ఎట్లా ఉన్నదట్లా తిప్పి పెట్టాడు.

“తాతా, నిద్రవోయినవా?” అని అరిచారు. నవ్వారు. వాడు దిగివచ్చి తాళం చెవిని రెండు చేతులతో ఇచ్చాడు.

నా పెనం మీద రొట్టె మాడింది. జొన్నపిండి పారేయడం నాకు చేతకాదు, ఆ రొట్టె మా ఇద్దరికీ పక్కన పెట్టాను. వాడు పళ్లేల కోసం వంటింట్లోకి వచ్చినప్పుడు చెప్పాను.

“పొద్దుగాల పో.”

“సారు ఊకుంటడా?”

“సారుతోని నేను మాట్లాడుత. నువ్వు బండి సంగతి చూస్కో.”

“వాళ్లు గూడ తీస్కోకపోతే?”

నేను గదిలోకి పోయి డబ్బా తీసి, దాచిన రంగు పొడి తెచ్చాను. ప్యాకెట్టు విప్పితే పొడి లేదు, తేమకు రాయిలా గడ్డ కట్టి ఉంది. రోట్లో వేసి దంచుదామా అని చూస్తుంటే వాడు నా చేతిలోంచి తీసుకున్నాడు.

“ఉండనియ్ అవ్వా. ఎనకా ముంగట ఒక్క తీరుగనే పోత ఈసారి.”

తెల్లవారకముందే లేచాడు. బడి బస్సు నడిపిన నాటి ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. మాడిన రొట్టె సగం కాగితంలో చుట్టి ఇచ్చాను. చుట్టాలకు వినబడకుండా గొళ్లెం మెల్లగా తీసి, వాడు దాటగానే మళ్లీ వేసి, తాళం సందులోంచి చూశాను. చిల్కూరు నుంచి వచ్చే మొదటి ఆటోను ఆపి ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను లాన్ ఊడ్చాను. కేకు అంటిన కుర్చీలు కడిగాను. ఎండ పడ్డాక ఓనరు వచ్చాడు. హారను కొట్టగానే గేటు తీసింది నేను కాబట్టి దిగకముందే అడిగాడు.

“కొడుకేడమ్మా?”

“చందనవెల్లికి పోయిండు సారూ, బస్సు నౌకరి కోసం. నేనున్న. రాత్రి గిన్నెలన్నీ తోమిన, ఏ పనీ ఆగలే.”

ఆయన గట్టిగా ఏమీ అనలేదు. లోపలంతా ఒకసారి తిరిగి వచ్చాడు. పని బాగానే ఉంది కానీ, చుట్టాలున్నప్పుడు ఇద్దరూ ఉండాలని ముందే చెప్పాను కదా అన్నాడు. పాలమూరు దిక్కు జోడి ఒకటి అడుగుతూనే ఉందట. ఫోను తీసి నా ముందే మాట్లాడాడు. వాళ్లు సాయంత్రానికి వస్తారు, మీరు సామాను సర్దుకోండి అని చెప్పాడు. జీతం లెక్క చూసి పంపిస్తానన్నాడు. తర్వాత చుట్టాల దగ్గరికి పోయి కూర్చున్నాడు.

నేను తీగ మీది బట్టలు తీస్తుండగా కొడుకు ఫోను చేశాడు.

“బండి నడిపిన అవ్వా. మంచిగనే నడిపినవన్నరు.”

“తీస్కున్నరా?”

“స్పేర్ల పెట్టుకుంటరంట. ఎవలన్నా రాకుంటే పిలుస్తరంట. పిలిచిన రోజుకే జీతం. చిన్నోళ్లను నలుగురిని పక్కాగ తీస్కున్నరు.” మళ్లీ వాడే అడిగాడు. “సారు వచ్చిండా?”

“వచ్చిండు. సాయంత్రం ఇంకో జోడి వస్తున్నది. నువ్వు ఇటు రాకు, సీదా ఇంటికి పో. సామాను ఆటోల నేను తెస్త.”

వాడి వెనక బస్సులు పోతున్న చప్పుడు వినబడింది. ఫోను పెట్టేశాను.

మంచాలు ఫామ్‌హౌస్‌వే. నావి కప్పుకునే సద్దర్లు రెండు, పెనం, కొవ్వొత్తుల డబ్బా. అన్నీ మూట కట్టి గది బయట పెట్టాను. కొత్త జోడి వచ్చేదాకా గేటు వదలొద్దని చెప్పి ఓనరు, చుట్టాలు పోయాక తానూ వెళ్లాడు. ఆయన కారు దాటగానే గొళ్లెం వేసి, స్టూలు లాక్కుని గేటు దగ్గర కూర్చున్నాను.