మా అత్త కూర్చున్న పూట

మొన్న మంగళవారం పొద్దున్న మా అత్త పోయింది. ఉత్తరాదిలో మేముండే భాలుబాసా బస్తీలో తెలిసిన ఇళ్ళవాళ్ళంతా వచ్చి ఒకటే మాట అన్నారు: "ఎవరింటికెల్లినా కూకునేది కాదమ్మా." కొందరది మర్యాదన్నారు, కొందరు గర్వమన్నారు.

కడగొట్టు కాన్పు దగ్గర్నుంచి ఆవిడకి కూర్చుంటే నిప్పుల మీద పెట్టినట్టుండేది. ఆ చోటు చెప్పడానికి నోరు రాక నడుమనేది. అందరూ నడుముకే తైలం రాశారు, నడుముకే కాపడం పెట్టారు. పెళ్ళిళ్ళలో పంక్తిలో కూర్చోకుండా తప్పించుకోడానికి గరిటె అందుకునేది. "ఒడ్డించినోల్లకి ఆకలుండదే" అనేది. నిజమేననుకున్నాను.

నేనూ నడుమనుకునే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బెంగాలీ డాక్టరమ్మ "బైఠియే" అంటూ కుర్చీ చూపించింది. అత్త నిలబడే ఉంది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, కూర్చుంటేనే నొప్పా అని హిందీలో అడిగింది. అన్నేళ్ళలో ఆ మాట అడిగిన మనిషి లేదు. అత్త నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

డాక్టరమ్మ లోపల వేలితో ఎముక మొన తడిమి, దాని పక్కనుంచి పోయే నరం దగ్గర సూదితో మందు ఎక్కించింది. నొప్పి కబురు మోసేది ఆ నరమేనట. దాన్ని కాసేపు నిద్రపుచ్చిందట. మరి నొప్పి పోయినట్టా, కబురు రానట్టా?

బయట వరండాలో బల్ల మీద అత్త కూర్చుంది.

"లెగత్తా, బస్సెల్లిపోద్ది."

"ఎల్లనీవే. ఇంకాసేపు కూకోనీ."

"నొప్పి లేదా?"

"ఏటోనే. నొప్పీ లేదు, కింద నేనూ లేను."

సాయంత్రానికి మందు దిగిపోయింది, నొప్పి తిరిగొచ్చింది. తర్వాతా సూదులు వేయించాం. ఒక్కోసారి వారాలు బాగుండేది, ఒక్కోసారి ఇల్లు చేరేలోపే మొదలు. బాగున్న రోజుల్లోనూ నిలబడే తినేది. ఎందుకత్తా అంటే, "కూకుంటే దానికి నేను గుర్తొత్తానేమో" అనేది.

మెడలో లింగకాయ కట్టుకునే కుటుంబం మాది. పోయినవాళ్ళని పడుకోబెట్టం. ఒళ్ళు బిగుసుకోకముందే గోడకి ఆన్చి కూర్చోబెడతాం, సమాధిలోనూ అలాగే. మంగళవారం మగవాళ్ళు ఆవిడ మోకాళ్ళు మడుస్తుంటే నేను "మెల్లగా" అని కేకేశాను. బొంత మడిచి, కింద వెయ్యమని మా మరిదికి అందించాను.

"సచ్చిన మనిసికి నొప్పేటొదినా?"

"నాకేటి తెలుసు బాబూ. ఎయ్యి."

వేశాడు. మగవాళ్ళు చేతులు వదిలారు. అత్త కూర్చుంది. మొహం ఎక్కడైనా ముడుచుకుంటుందేమోనని నేను సాయంత్రం దాకా ఎదురుగా నిలబడి చూస్తూనే ఉన్నాను.